అమ్మ పాట కోసం బాపు గీకిన రంగు

మా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, నడిపే కారు మీద వేలిముద్ర పడిందంటే ఇంట్లో పెద్ద పంచాయితీ... కారు మాది కాదు లెండి. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటుది. బాపు దానికి డ్రైవరు. మాకంటే దానికే ఎక్కువ స్నానాలు చేయించేవాడు!

అమ్మ అక్కడే లేడీస్ హాస్టల్లో వంట చేసేది. పిండి రుబ్బుతూ ఆమె పాడే పాటలు ఎవరి ద్వారానో తెలిసి, రేడియో వాళ్లు వచ్చి ఒకటి రికార్డు చేసుకుపోయారు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారే వస్తుందట. మాణికేశ్వర్ నగర్‌లో మా ఇంటి ట్రాన్సిస్టర్ అప్పటికే మూలకు పడింది. పక్కింటికి వెళ్లి విందామంటే అమ్మకు సిగ్గు. బాపు వాళ్ల సారును బతిమాలి కారు తెచ్చాడు, అందులో రేడియో ఉంది మరి.

అమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది. కాళ్లు దులుపుకొని మరీ ముందు సీట్లో కూర్చుంది. వెనక నేను...

తార్నాక రోడ్డు పక్కన ఆపితే రేడియో ఒకటే గుర్రు. పైన కరెంటు తీగలున్నాయని బాపు కారును క్యాంపస్ లోపల ఖాళీ మైదానం దగ్గరికి తెచ్చాడు. ఇంజన్ ఆపేశాడు. యాంటెన్నా పూర్తిగా పైకి లాగాడు. అయినా అదే గుర్రు.

అమ్మది మూడో పాట. రెండు పాటలు అయిపోయాయి, ఒక్క ముక్క అర్థం కాలేదు.

"పోనీ తియ్యయ్యా... నా పాట నాకెర్కే గదా" అంది అమ్మ. కళ్లు మాత్రం రేడియో మీదే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

బాపు ఉన్నట్టుండి నెత్తి కొట్టుకున్నాడు. "నేనే చేసిన్నే! తుప్పు పడతదని మొన్న యాంటెన్నా కింద రంగేసిన. దాని కాలు ఇనుముకు తగల్తలేదు!"

పానాతో బిగింపు వదులు చేసి, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి... మెరిసే ఆ కొత్త రంగును గరగరా గీకేశాడు.

"అయ్యో, బండి ఖరాబైతది!" అంది అమ్మ.

"కానియ్."

యాంటెన్నాను వట్టి ఇనుము మీద ఆనించి బిగించగానే గుర్రు తగ్గింది. తేటగా అమ్మ గొంతు! అప్పటికే సగం పాట అయిపోయింది. మిగతా సగం ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం.

"నేనేనా?" అంది అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నువ్వే. మస్తు పాడినవ్" అన్నాడు బాపు.

మర్నాడు ఆ గీతలేమిటని సారు అడిగితే "కాకులు గీకినయ్ సార్" అన్నాడట!

ఇప్పుడు నా కారు యాంటెన్నా పైకప్పు మీద బుడిపెలా ఉంటుంది. లాగే పని లేదు, గుర్రుమనదు. ఏ పాటైనా క్షణంలో వస్తుంది... అమ్మ పాట తప్ప. అమ్మ లేదు. ఆ పాటను మేమెవరమూ దాచుకోలేదు.

మొన్న పక్క సీట్లో ఉన్న బాపును అడిగాను, ఆ రోజు పోయిన మొదటి సగం గుర్తుందా అని.

"ఇంట్ల రోజూ పాడేది గదా బిడ్డా... ఎన్నడన్న కూసోని ఇన్ననా?"

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు పని చేసుకుంటూ పాడుతూనే ఉంటారు. ఇవాళ కాసేపు పక్కన కూర్చుని వినండి... ఏం పాడారో నాకూ చెప్పండి.