రామకోటేశ్వరరావు గారి ఇత్తడిగిన్నె చారు

భవానీపురంలోని ఆ అపార్ట్‌మెంటులో రామకోటేశ్వరరావు గారికి తెలియని వైద్యం లేదు. రిటైరైన దగ్గర్నుంచి ఫోనే ఆయనకు మెడికల్ కాలేజీ. నాన్‌స్టిక్ విషమన్నారు, స్టీలు దండగన్నారు, అటక మీది ఇత్తడిగిన్నె దింపించారు. వీధిలో కేకేసుకుంటూ వచ్చినవాడితో బేరమాడి చవగ్గా తగరం పూత, అదే కళాయి, పెట్టించారు. గిన్నె లోపలంతా వెండిలా మెరిసింది. రోజూ అందులో చింతపండు చారు స్వయంగా కాచి, ఐదేళ్ల మనవడు సాత్విక్ చేత గ్లాసుడు తాగించేవారు. వాడు మొహం తిప్పుకుంటే కసిరేవారు.

"మన పెద్దవాళ్లేం వెర్రివాళ్లు కాదమ్మా," అని కోడలు సింధూరికి పాఠం చెప్పేవారు.

కొన్నాళ్లకు పిల్లవాడు కడుపునొప్పి అనసాగాడు. వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోతున్నాడు. బడిలో పెట్టిన వైద్యశిబిరంలో నర్సు హెప్సిబా రక్తపరీక్ష చేసి, ఒంట్లో సీసం ఎక్కువగా ఉందని చెప్పింది.

నేరస్థుణ్ణి పట్టుకోవడం ఆయనకెంత సేపు! ఎదురు సందులో బాలశౌరి సీసం పలకలుండే పాత బ్యాటరీలు బాగుచేస్తాడు. ఆయన ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించి, ఆ కొట్టు మూయించారు. బాలశౌరి సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. అపార్ట్‌మెంటువాళ్లు ఆయనకు శాలువా కప్పారు. ఇక ఒంట్లో మిగిలిన విషం కూడా దిగిపోవాలని, మనవడికి చారు రెండు గ్లాసులు చేశారు.

మళ్లీ పరీక్ష చేస్తే సీసం ఇంకా పెరిగింది. హెప్సిబా సీసం కనిపెట్టే మిషను పట్టుకుని ఇంటికే వచ్చి, గోడల రంగు, బొమ్మలు, పసుపు అన్నీ చూసింది. వాటిలో ఏమీ లేదు.

"ఎండన పడొచ్చావు, ముందు ఈ చారు తాగమ్మా," అన్నారాయన.

ఆమె గ్లాసు పక్కన పెట్టి గిన్నెకేసి చూసింది. "ఈ కళాయి ఎవరు పెట్టారండీ?"

మిషను గిన్నెకు ఆనించింది. "తగరంలో సీసం కలిపేశాడండీ. పులుపు తగిలితే చారులోకి దిగుతుంది."

పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. శాలువా ఇంకా సోఫా మీదే ఉంది.

"మానేస్తే తగ్గుతుందిగా?" అంది సింధూరి. మామగారి వైపు చూడలేదు.

"రక్తంలో తగ్గుతుందండీ. చదువు సంగతి ఇప్పుడే చెప్పలేం."

అన్నిటికీ మందు చెప్పే మనిషి లేచి, గిన్నెలో చారంతా సింకులో పారబోశారు.

మర్నాడు అన్నాల వేళ సాత్విక్ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. గూట్లో ఇత్తడిగిన్నె లేదు. తాతయ్య గోడవైపు తిరిగి కూర్చున్నారు. వాడు ఆయన భుజం తట్టాడు.

"కోపమొచ్చిందా తాతయ్యా? ఇవాళ మొత్తం తాగేస్తాలే."