అందరి మెనూ ఫైలు

నెల్లూరులో ఒక ఆఫీసులో ఖాళీగా ఉన్న ఒకే ఒక ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికి ఈ రోజు ఒకాయన ఆత్మకూరులోని మా కంప్యూటర్ సెంటర్‌కి వచ్చారు. పోటీలో మిగిలింది నేనూ, ఉదయగిరి నుంచి రోజూ నాతోపాటు బస్సులో వచ్చే వసంతా.

ఉదయగిరి చెక్క గరిటెల కోసం నేను పీహెచ్‌పీలో ఒక వెబ్‌సైటు చేశాను. డిస్కులో చోటు చాలదని, మెనూ నడిపే స్క్రిప్టును మా సార్ అందరికీ కలిపి ఒకే ఫోల్డరులో పెట్టించారు. ఎంపికకు వచ్చినాయన ముందు నా సైటు తెరిస్తే గరిటెల పేర్లు వచ్చాయి గానీ మెనూ రాలేదు. మరో పేజీకి పోయే దారే లేదు. ఆయన రెండుసార్లు నొక్కి చూసి, తర్వాతి అమ్మాయిని రమ్మన్నారు. వసంత సైటు చక్కగా నడిచింది. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

వరండాలో పట్టుకుని అడిగాను. "ఆ స్క్రిప్టు మార్చినావా?"

"పొద్దున మార్చినాను. నాకు కొత్త మెనూ కావాల్సొచ్చె."

"నా పేజీలు కూడా దానిమీదే నడస్తుండాయి కదే! ఒక్క మాట చెప్తే నీదేం పోయె?"

"అది అందరి ఫైలు మే. నువ్వే ఒక కాపీ తీసి పెట్టుకోవాల్సింది."

ఆయన వెళ్ళిపోయాక, సార్ ఫ్లాపీలో ఉన్న పాత స్క్రిప్టును తెచ్చి నా ఫోల్డరులో పెట్టాను. మెనూ వచ్చింది. గరిటెలన్నీ ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. చూడటానికి గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

బస్సులో వసంత ఎప్పటిలాగే నాకు సీటు పట్టి పెట్టింది. ఉదయగిరి దాకా నిలబడే వచ్చాను. మీరైతే కూర్చునేవారా?