జతలో రెండో మనిషి

సూర్యాపేట వాళ్ళకు రైలంటే ఇప్పటికీ పక్క ఊరి సంగతే. హైవే ఉంది, బస్సులున్నాయి, మార్కెట్ యార్డు నిండా లారీలున్నాయి, పట్టాలు మాత్రం లేవు. అలాంటి సూర్యాపేటలో పెరిగిన కరుణ, ముప్పై ఏళ్ళు నిండాక, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, ఇరవై కిలోల ఇసుక మూట ఎత్తుకుని రెండు నిమిషాల్లో వంద మీటర్లు దాటింది. మూట మధ్యలో ఒక్కసారి కూడా కింద పెట్టకూడదని షరతు. పెట్టలేదు. ఆ తర్వాత కిలోమీటరు పరుగు. అదీ అయింది. అలా రైల్వేలో ట్రాక్ పని సంపాదించి, ఆటో నడిపే భర్త జోసెఫ్‌నూ పిల్లలనూ తల్లి సువార్తమ్మనూ వెంటబెట్టుకుని మిర్యాలగూడ వచ్చి కిరాయి ఇంట్లో దిగింది.

చేరిన మొదటి రోజు ఆమె చేతికి చాయ్ కెటిల్ ఇచ్చారు.

ఇరవై కిలోల మూట మోయించి చూసింది రెండు లీటర్ల చాయ్ మోయడానికా? ఇదే మాట ఆమె పైకే అడిగింది. గ్యాంగులో మగవాళ్ళు నవ్వారు. ఆమె కెటిల్ బల్ల మీద పెట్టి పార అందుకుంది. అప్పటి నుంచీ ఆమెకు "గరం కరుణ" అని పేరు. పట్టాల కింద కంకర కూరడం, పట్టాలను మోసే స్లీపర్లు జరపడం, మే నెల ఎండలో కాలిపోయే ఇనుము పట్టుకోవడం, అన్నీ చేసింది. మగవాళ్ళకు ఎక్కడ పడితే అక్కడ పక్కకు తిరిగి నిలబడే సౌకర్యం ఉంది. ఆమెకు లేదు. పత్తి చేలున్న చోట సరే, ఈ కాలువ నీళ్ళ దేశంలో ఎటు చూసినా మోకాలెత్తు వరి. అందుకని పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా పనిచేయడం నేర్చుకుంది. మనిషి దాహాన్ని చంపుకుంటే తప్ప జరగని ఉద్యోగాన్ని ఏమనాలో ఆమెకు తెలుసు. ఇక్కడ రాయడం బాగుండదు.

ఆరేళ్ళు గడిచాయి. కీమ్యాన్ లచ్చయ్య రిటైర్ అయ్యే రోజు దగ్గరపడింది. కీమ్యాన్ అంటే తన వంతు పట్టాను, అంటే తన బీటును, రోజూ పొద్దున్నే ఒంటరిగా నడిచి చూసేవాడు. భుజాన సుత్తె, స్పానర్, ఎర్ర జెండా. పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే క్లిప్పు వదులైతే కొట్టి బిగించాలి. బోల్టు పోతే పట్టుకోవాలి. పట్టా పగిలితే బండిని ఆపాలి. సాయంత్రం డైరీలో రాసి పేరు పెట్టాలి. సీనియారిటీ ప్రకారం లచ్చయ్య తర్వాతి వంతు కరుణది.

"సూడు బిడ్డా, కంటితోని కాదు, చెవితోని సూడాలె," అని లచ్చయ్య సుత్తెతో కొట్టి చూపించాడు. "గట్టిది కణ్ మంటది. వదులైంది డబ్బు డబ్బు మంటది. నెల దినాలల్ల నీకే తెలుస్తది."

"నాకిస్తరా మామా?"

"లైన్ల వంతు నీదే. ఇయ్యకుంటే ఎట్ల?"

ఎట్లా అన్నది సెక్షన్ ఇంజనీరు దామోదర్ చూపించాడు. ఆయన చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. కరుణకు ఒళ్ళు మండేది అందుకే. అరిచేవాడి మీద తిరిగి అరవవచ్చు. ఈయన "అమ్మా" అని మొదలుపెడతాడు.

"అమ్మా, నీ మంచికే చెప్తున్న. ఏడు కిలోమీటర్లు ఒక్కదానివే పోవాలె. కాలువ వంతెన ఉంది, తుమ్మ చెట్లున్నయ్, తాగుబోతులుంటరు. నీకేమన్నా అయితే నేను జవాబు చెప్పుకోవాలె. ఆఫీసుల కూసో. ఫైళ్ళు సదురు. నీడ పట్టున ఉంటది."

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నది ఇందుకే. భయం వేస్తే ఆమెకు వేయాలి. ఆమెకు వేయలేదు. పోనీ, తాగుబోతుల గురించి అంత బెంగ ఉన్న మనిషి ఆరేళ్ళలో ఆడవాళ్ళ కోసం ఒక మరుగు కట్టించమని పైకి ఒక్క ముక్క రాశాడా? రాయలేదు. ఆమె క్షేమం ఆయనకు సరిగ్గా ఆమె వంతు వచ్చిన రోజే గుర్తొచ్చింది.

కరుణే పైకి రాసింది. ఒకటి కాదు, మూడు దరఖాస్తులు. మూడోదానికి జవాబొచ్చింది: వంతు ప్రకారం ఆమెకే ఇవ్వండి అని. దామోదర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, మెత్తగా నవ్వాడు.

"సరే అమ్మా. కాకపోతే తోడుకు వంశీ వస్తడు. డైరీ వాని దగ్గరుంటది. నువ్వు ఆ రాతకోతలకు పరేషాన్ గాకు."

వంశీ నిన్నగాక మొన్న చేరినవాడు. కరుణకు డైరీ సంగతి పట్టలేదు. బీటు దొరికింది, అదే చాలనుకుంది. మనిషి ఎంత గరమైనా గెలిచిన రోజున కొంచెం గుడ్డిదవుతుంది.

మొదటి రోజు ఆమె ఏడు కిలోమీటర్లూ వదలకుండా చూసింది. ఎక్కడెక్కడ డబ్బుమన్నదో అక్కడక్కడ కొట్టి కణ్ మనిపించింది. బండి వస్తే పక్కకు దిగి, చక్రాల వైపు ముఖం పెట్టి నిలబడి, పోయేదాకా చూసింది. వంశీ చెవుల్లో పాటలు పెట్టుకుని మొదటి గేటు దాకా వచ్చాడు. గేటు గదిలో కూర్చున్నాడు. ఆమె చివరిదాకా పోయి తిరిగి వచ్చేసరికి అక్కడే ఉన్నాడు.

"వంశీ, కాలువ వంతెన దాటినంక జాయింటు కాడ ఒక బోల్టు తల ఇరిగింది. మిగిలినయ్ బిగిచ్చిన. కొత్తది ఏయాలె. డైరీల రాయి."

"రాస్త అక్కా."

సాయంత్రం ఇంటికి వచ్చి గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. సువార్తమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. కూతురి ముఖం వెలిగిపోవడం చూసి ఇంకో రెండు గింజలు తీసి పక్కన వేసింది. తర్వాత అడిగింది.

"పుస్తకంల పేరు ఎవరిది రాసిన్రు బిడ్డా?"

"వంశీది. ఎవరిదైతేంది అమ్మా? నడిసింది నేనే గద."

సువార్తమ్మ చెయ్యి ఆగింది.

"నేను గూడ గట్లనే అనుకున్న," అంది.

కరుణకు ఆ మాట అర్థం కాలేదు. సువార్తమ్మ చింతపండు పక్కకు నెట్టి, ముప్పై ఏడేళ్ళుగా నోరు విప్పని సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

"మీ నాయన కామెర్లతోని పోయిండు. అప్పుడు నువ్వు కడుపుల ఉన్నవ్. గీ లైను ఏస్తున్నరని తెలిసి మీ యాదయ్య మామతోని వచ్చిన. మేస్త్రి ఒక్కొక్కలకు పనియ్యకపోయేటోడు. జతకే ఇస్తుండె. గడ్డపార మొగోనిది, తట్ట ఆడిదాన్ది. ఆడు తవ్వితే నేను మోసేది. కట్ట పోసినం, కంకర పోసినం. నిన్ను కన్న ఇరవయ్యొక్కో దినం మళ్ళ తట్ట ఎత్తుకున్న. ఇద్దరం కలిస్తే పుస్తకంల ఒక మనిషి. పేరు మొగోనిది."

"మరి లైను అయినంక?"

"పుస్తకంల దినాలున్నోళ్ళను పర్మనెంట్ జేసిన్రు. మీ మామకు దినాలున్నయ్."

"నీకు?"

"నాకు యాడియి? నా దినాలు గూడ ఆని పేరు మీదనే ఉన్నయ్ గద."

యాదయ్య గ్యాంగులో చేరాడు, మేటుగా, అంటే గ్యాంగుకు పెద్దగా, రిటైరయ్యాడు, ఇప్పుడు కోదాడలో స్లాబు ఇల్లు కట్టుకుని పింఛనుతో ఉన్నాడు. ఆ కుటుంబానికి ఆయనే రైల్వే మనిషి. కరుణకు ఈ పరీక్ష గురించి చెప్పింది కూడా ఆయనే. ప్రతి క్రిస్మస్‌కు అక్కకు ఒక చీర తెస్తాడు. సువార్తమ్మ మాత్రం సూర్యాపేటలో పొలాల్లో కూలికి పోయి పిల్లను పెంచింది. ఆమె నడినెత్తిన అరచేతి మేర వెంట్రుకలు మొలవవు. ఎన్నోసార్లు నూనె పెడుతూ, వయసుకు ఊడాయనుకుంది కరుణ. అది తట్ట ఊడగొట్టిన చోటు.

"ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?"

"అడిగినోళ్ళెవరు?"

కరుణ అక్కడికక్కడే కోదాడకు ఫోన్ చేసింది. "మామా, అమ్మ దినాలు నీ పేరు మీద పడ్డయంట గద, నిజమేనా?" అని సూటిగా అడిగింది.

"నిజమేనే అమ్మాయ్. అప్పుడు అందరూ అట్టనే గదా," అన్నాడు యాదయ్య. ఎన్నో ఏళ్ళుగా కోదాడలో ఉండి ఆయన మాట ఆంధ్రా వైపు ఒరిగింది. "నేనేం కాదన్లేదు. అక్కంటే నాకు ప్రాణం. ఏటా చీర తెస్తన్నా గదా."

చీర. ఒక ఆడమనిషి నెత్తి అరిగేదాకా మోసిన కంకరకు, ఆమెకు రావలసిన ఉద్యోగానికి, ఏడాదికొక చీర. యాదయ్య దొంగ కాదు. ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. మేస్త్రి రాశాడు, ఆయన ఊరుకున్నాడు, అంతే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? కరుణకు వచ్చిన కోపానికి ఫోన్ పగలగొట్టాలనిపించింది. పిల్లల చదువులు దాంట్లోనే ఉన్నాయని ఆగింది.

మర్నాడు ఆరింటికి పనిముట్ల గది దగ్గర గ్యాంగంతా చేరింది. దామోదర్ కూడా వచ్చాడు. కరుణ సుత్తె తీసుకోలేదు.

"వంశీ, డైరీ తీయి."

తీశాడు. నిన్నటి తేదీ ఎదుట రాసి ఉంది: బీటు అంతా బాగుంది. కింద వంశీ పేరు.

"బోల్టేది?"

వంశీ నాలుక కరుచుకున్నాడు. "యాద్ మర్సిన అక్కా."

ఒక్క బోల్టు పోతే బండి పడిపోదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. చూడని వాడు బాగుందని రాసి పేరు పెట్టాడని, చూసిన మనిషి మాట ఎక్కడా లేదని కూడా తెలుసు. అయినా అందరూ తమ పారలూ గునపాలూ వెతుక్కోసాగారు.

"సార్, గీడ నా పేరు రాయుండ్రి," అంది కరుణ.

"ఒక బీటుకు ఒక్క పేరే ఉంటదమ్మా."

"గందుకే అంటున్న. నాది రాయుండ్రి."

దామోదర్ గొంతు తగ్గించాడు. "అమ్మా, నువ్వు అర్థం చేసుకుంటలేవు. రేపు ఏదన్నా జరిగితే డైరీల ఎవరి పేరుంటే వాళ్ళ మీదికి వస్తది. సస్పెండ్ అయితవ్. పిల్లలున్నోళ్ళకు ఎందుకు గీ లొల్లి?"

"అయిత సార్," అంది కరుణ. ఆమె గొంతు తగ్గలేదు. "సస్పెండ్ గావాల్నన్నా పేరుండాలె గద. మా అమ్మకు అది గూడ లేకపాయె. మూడేండ్లు గీ కట్ట మీద తట్ట మోసింది. పనికి రాలేదని మందలిద్దామన్నా, పనిల నుంచి తీసేద్దామన్నా మీ పుస్తకంల మనిషే లేదు. నేను తప్పు జేస్తే నన్నే అనుండ్రి. నా పేరు వెట్టి అనుండ్రి."

అప్పుడు వంశీ నోరు విప్పాడు. "సార్, అక్క పేరే రాయుండ్రి. నేను ఆ బోల్టు సూడనే సూడలే." న్యాయం మీద ప్రేమ పొంగి అన్నమాట కాదది. సస్పెండ్ అన్న మాట చెవిన పడి, నిన్న పాటలు వింటూ కూర్చుని తాను దేని మీద సంతకం పెట్టాడో అప్పుడే తెలిసింది వాడికి. అయినా సరే, అన్నాడు.

దామోదర్ పెన్ను తీయలేదు. కరుణ వంశీ జేబులోంచి లాక్కుంది. ఆ రోజు తేదీ వేసి, కీమ్యాన్ అని ఉన్న చోట తన పేరు రాసింది. కింది వరసలో విరిగిన బోల్టు సంగతి, అది ఏ రోజు కనబడిందో, ఎవరికి చెప్పిందో అన్నీ రాసింది.

"నేను పైకి రాస్త," అన్నాడు దామోదర్. ఈసారి అమ్మా అనలేదు.

"రాయుండ్రి సార్. పేరు సరిగ రాయుండ్రి."

ఆమె డైరీ సంచిలో వేసుకుని, సుత్తె భుజాన పెట్టుకుని, వంశీని అక్కడే వదిలేసి ఒక్కతే నడిచింది. దారి పొడుగునా కోపం తగ్గలేదు. కాలువ వంతెన దగ్గర, తన కాళ్ళ కింది కంకరలో తల్లి పోసింది ఏదో, ఎవరికి తెలుసు అనుకుంటూ నిలబడి చూసింది. ఆ రాళ్ళ మీద రోజుకు ఎన్ని బండ్లు పోతాయో, ఎంతమంది కిటికీ పక్కన కూర్చుని పల్లీలు తింటారో. ఆమెకు ఏడుపు రాలేదు. పళ్ళు కొరుక్కుంటూ క్లిప్పులు కొట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి గ్యాంగు వచ్చి కొత్త బోల్టు వేసింది.

ఇంటికి వచ్చాక డైరీ తిరిగి ఇచ్చే ముందు సెల్‌ఫోన్‌లో తీసుకున్న పేజీ ఫొటో తెరిచి తల్లి ముందు పెట్టింది. సువార్తమ్మకు చదువు రాదు.

"ఏది నీ పేరు?"

కరుణ వేళ్ళతో అక్షరాలు పెద్దవి చేసి చూపించింది.

"పెద్దగ జేయకు. పుస్తకంల ఎంతున్నదో గంతే సూపియ్."

కరుణ వేళ్ళు తీసేసింది. పేజీ మామూలుగా అయింది. గీతలు, తేదీలు, అంకెల మధ్య ఆమె పేరు బియ్యపు గింజంత ఉంది. సువార్తమ్మ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది. "గింత జాగేనా కావాల్సింది? గిది గూడ ఇయ్యలేదా నాకు, దొంగ నా కొడుకులు."

ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. కూతురు కోపంలో ఒక మాట తూలితేనే నోరు కడుక్కోమనే మనిషి. కరుణ తల్లి పక్కన, నేల మీద కూర్చుంది.

"ఇంకోపాలి అను అమ్మా," అంది.