షౌకత్ హాజీ వణుకు

రంజాన్ నెలంతా షౌకత్ హాజీ సాయంత్రం నమాజులో గజగజ వణుకుతాడు. కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతాయి. అలెగ్జాండ్రియాలో వాళ్ళ వీధి మసీదుకు వచ్చేవాళ్ళు "దైవభయమంటే అదీ!" అని ఒకరికొకరు చూపించుకుంటారు.

ఆ మాట చెవినపడ్డప్పుడల్లా పెళ్ళాం ఎన్సాఫ్ మూతి తిప్పుకుంటుంది. ఎప్పుడో గుండెదడ అంటే డాక్టరు రెండు వారాలకని రాసిచ్చిన, ఆందోళన తగ్గించే మాత్రను అతగాడు ఏళ్ళ తరబడి మూడు పూటలా మింగుతున్నాడు. ఉపవాసంలో మధ్యాహ్నం మాత్ర పడదు కాబట్టి పొద్దువాలేసరికి వణుకు మొదలవుతుంది.

"డాక్టర్ని అడిగి మెల్లమెల్లగా తగ్గించుకోవయ్యా" అని ఆమె అంటే, "నేనేమన్నా మత్తుమందుగాణ్ణా?" అని కస్సుమంటాడు.

నిన్న ఆమె తమ్ముడు ఫత్హీ ఇఫ్తారుకు వచ్చాడు. పగలంతా సిగరెట్టు లేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. హాజీకి ఇంకేం కావాలి?

"థూ, ఆ పొగగొట్టానికి బానిసవైపోయావు కదరా! మనిషన్నాక మనసు మీద అదుపుండాలి. నన్ను చూసి నేర్చుకో."

అంతలో అజాన్ వినిపించింది. అందరి చేతులూ ఖర్జూరాల మీదికి పోతే, హాజీ చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. వణికే వేళ్ళలోంచి మాత్ర జారి బల్ల కిందికి దొర్లింది. అంత పెద్దమనిషీ మోకాళ్ళ మీద పడి, నుదురు నేలకు ఆనించి, తివాచీ అంతా తడమడం మొదలుపెట్టాడు.

ఎన్సాఫ్ తాపీగా ఖర్జూరం గింజ ఊసింది.

"చూసి నేర్చుకోరా ఫత్హీ. మీ బావ అసలు నమాజు ఇదే."