రెండోసారి అడిగిన ప్రశ్న

వేగస్ ఎయిర్‌పోర్ట్‌లో డెట్రాయిట్ ఫ్లైట్ లేటయింది. పక్క సీట్లో ఒక తెల్లజుట్టు పెద్దాయన పేకముక్కలు కలుపుతూ కూర్చున్నాడు. నేను అటే చూస్తున్నానని కాబోలు, తనే మొదలుపెట్టాడు. పోకర్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి పెట్టినప్పుడు విజేతను ఆటతో తేల్చలేదట, ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారట.

"అందరూ ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు," అని నవ్వాడు. "దాంతో మళ్లీ అడగాల్సొచ్చింది, నువ్వు కాకుండా ఇంకెవరు గొప్ప అని. మరి మీ ఆఫీసులో ఎవరు? నువ్వు కాకుండా?"

ఆలోచించకుండానే "సుధీర్" అన్నాను. నా పక్క డెస్క్‌లో ఉండేవాడు. కిందటి నెలే లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. వీసా గడువులోపు ఇంకోటి దొరకాలి.

పెద్దాయన చేతిలో ముక్కలు ఆగాయి. "ఆ సంగతి అతనికి తెలుసా?"

బోర్డింగ్ లైన్లోంచే సుధీర్‌కి ఫోన్ చేశాను.

"రేపు ఇంటర్వ్యూ ఉందిరా. నాకసలు ఏమీ రాదేమో అనిపిస్తోంది," అన్నాడు.

మా అందరిలో నువ్వే బెస్ట్‌రా అనాలి. అనడానికి ఏం రోగమో! "కాన్ఫిడెంట్‌గా మాట్లాడు," అన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. అతను ఇండియా వెళ్లిపోయే రోజు ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా మంచు గురించే మాట్లాడుకున్నాం.