సెంటర్లో నాన్నగారి ఫ్లెక్సీ

తండ్రి మొదటి వర్ధంతి నాడు ఊరందరినీ నవ్వించిన కొడుకు గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా నేనొక్కడినే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టుకుంటాను.

మా నాన్నగారు కొవ్వూరులో ఇంగ్లీషు మేష్టారు. ఇంట్లో దేవుళ్ళు ఎంతమంది ఉన్నా, ఆయన రోజూ దర్శనం చేసుకునేది మాత్రం ఒక బ్రిటిష్ హాస్యనటుడిని. గని కూలీ కొడుకట. ఖాళీ కుర్చీల ముందు ఏళ్ళ తరబడి ఆడి, ఆ తరువాత దేశాన్నంతా నవ్వించాడట. "ఏడుపు మొహంతో నవ్వించడం మామూలు విద్య కాదురా" అనేవారు నాన్నగారు. గాలికి తిరగబడ్డ గొడుగుతో ఆ దొర యుద్ధం చేసే వీడియో ఒకటుంది. అది చూసినప్పుడల్లా ఈయన వరండాలో మా గొడుగుతో అదే చేసేవారు. అలా మూడు గొడుగులు పోయాయి. అమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది. నాన్నగారు పోయాక ఏడాదిగా ఆ నవ్వు నేను వినలేదు. ఫోన్ చేస్తే "తిన్నావా, పడుకో" అంటుంది, అంతే.

వర్ధంతికి సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ పెట్టిస్తే అమ్మ మనసు కాస్త కుదుటపడుతుందనుకున్నాను. నేనేమో కాకినాడ ఆఫీసులో ఉన్నాను. ఫ్లెక్సీ షాపు వీర్రాజుకి ఫోన్ చేశాను.

"ఫొటో పంపండి బాబుగారూ."

"నాన్నగారి నంబరు పంపుతున్నాను. వాట్సాప్ డీపీ తీసుకో. శాలువాతో ఉంటారు."

"అలాగేనండి."

ఆ డీపీ ఏదో నువ్వే చూసి పంపొచ్చు కదా అంటారు మీరు. నిజమే. కానీ నాన్నగారి చాట్ తెరిచే ధైర్యం నాకు ఏడాదిగా లేదు. ఆ ఫోన్‌కి అమ్మ ఇప్పటికీ ఛార్జింగ్ పెడుతుంది. తెరిస్తే ఆయన చివరి మెసేజ్ కనిపిస్తుంది. దొర వీడియో ఒకటి, దాని కింద "చూశావా?" అని. నేను చూడలేదు. అప్పుడు బిజీగా ఉన్నాను.

వర్ధంతి రోజు పొద్దున్నే బస్సు దిగి సెంటర్లోకి వచ్చేసరికి జనం గుమిగూడి నవ్వుకుంటున్నారు. ఫ్లెక్సీ దివ్యంగా ఉంది. చుట్టూ పూల బోర్డరు, కింద చేతులు జోడించిన నా ఫొటో, పైన "మా ప్రియతమ తండ్రిగారికి అశ్రునివాళి". మధ్యలో నిలువెత్తున, టోపీ పెట్టుకుని, ఏడుపు మొహంతో తెల్లదొర.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను మేష్టారిని చేయబోతే దొర అయ్యాడు. అప్పటికే ఎవరో పుణ్యాత్ముడు గోదావరికి ఆనకట్ట కట్టిన దొరగారనుకుని దండ కూడా వేసేశాడు.

"ఏంటిది వీర్రాజూ? మా నాన్నగారిని నువ్వెప్పుడూ చూళ్ళేదా?"

"తణుకు నుంచి వచ్చి ఆరు నెలలేనండి. శాలువా కనపడలేదు గానీ, ఇంగ్లీషు మేష్టారని ఊళ్ళో అన్నారు కదా, ఇలాగే ఉంటారేమో అనుకున్నా. పైగా మొహం చూస్తే సందర్భానికి సరిపోయిందండి."

"ముందు దింపు. పూజకి పూలు కొనడానికి మా అమ్మ ఇటే వస్తుంది."

వీర్రాజు నిచ్చెన ఎక్కాడో లేదో, ఆటో ఆగింది. అమ్మ దిగి తల పైకెత్తింది. చాలాసేపు అలాగే చూసింది. భర్త వర్ధంతిని అల్లరిపాలు చేసిన కొడుకుని ఏ తల్లి మాత్రం క్షమిస్తుంది?

"అమ్మా, పొరపాటైపోయింది. డీపీ..."

"అది నేనే మార్చానురా. ఆ దొర పోయాడని తెలిసిన రోజు మీ నాన్నగారు అన్నం ముట్టలేదు. ఆ ఫొటో పెట్టమని నా చేతే పెట్టించారు. ఇంకో నెలకి ఈయన కూడా..." అమ్మ మళ్ళీ పైకి చూసింది.

"అయినా ఏడాదిలోనే ఎంత తెల్లబడ్డారో చూడరా. అక్కడ ఎండలుండవు కాబోలు."

అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. నేనూ అదే పని చేశాను.

"దింపమంటారా, ఉంచమంటారా అండి?" నిచ్చెన మీంచి వీర్రాజు.

"సాయంత్రం దాకా ఉండనీ బాబూ" అంది అమ్మ.

గోదారమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, ఫొటో చూడకుండా ఇక ఈ జన్మలో నాన్నగారి ఫ్లెక్సీకి ఆర్డరివ్వను. నాన్న ఏదైనా పంపి "చూశావా?" అంటే, ఉన్న పని పక్కన పడేసి చూస్తాను. ఈ రెండో మాట నిలబెట్టుకునే అవకాశమే నాకిక లేదు.