బూమ్ కొసకు లాగి కట్టిన తాడు

చిత్తూరు జిల్లాలో తెరచాప పడవకు సామాను బిగించిన మొదటి వడ్రంగిని నేనేనని నలభై ఏండ్లుగా చెప్పుకుంటా వస్తున్నాను. మద్రాసు హార్బరు నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, నా పనితనం చూసి, కాగితం మీద బొమ్మ గీసుకొని పోయినారని కూడా చెప్తాను. ఆఫీసర్లు ఎవరూ రాలేదు. వచ్చింది ఒక మేకల కాపరి. "ఇదేంది సామీ, గుడ్డలారేసే దండెమా?" అని అడిగి, జవాబు కోసం కూడా నిలబడకుండా పోయినాడు.

పడవ కూడా నాది కాదు. లారీల సరుకు మీద కప్పే పట్టలు కుట్టే మా భాయ్‌ది. చిత్తూరులో లారీ బాడీలు కట్టే మా షెడ్డూ, ఆయన అంగడీ పక్కపక్కనే. ఒకసారి సూళ్లూరుపేట నుంచి ఒక ఇంజినీరు, తన చిన్న పడవ తెరచాప చినిగిపోతే, మందపు గుడ్డ కుట్టే మనిషిని వెతుక్కుంటా భాయ్ దగ్గరికి వచ్చినాడు. ఆ కుట్టు చూసి మురిసిపోయి, భాయ్‌ని పులికాట్ సరస్సు మీద నాలుగు ఆదివారాలు తిప్పి, గాలిని పట్టడం నేర్పించినాడు. బదిలీ అయి పోతా పోతా పడవను ఆ సరస్సు ఒడ్డునే ఆయనకు ఇచ్చేసినాడు. ఇంక మా భాయ్‌కి శనివారం సాయంత్రమైతే చాలు, కాలు నిలిచేది కాదు.

తెరచాప కింది అంచు వెంట అడ్డంగా ఉండే వాసాన్ని బూమ్ అంటారు. తెరచాప వెనక మూలను ఆ బూమ్ కొసకు లాగి పట్టడానికి ఒక తాడుండాలి. లాగితే గుడ్డ పలక మాదిరి బిగుస్తుంది. వదిలితే కడుపు నింపుకుంటుంది. గాలి ఎదురొచ్చేటప్పుడు బిగించాలి, వెనక నుంచి వచ్చేటప్పుడు వదలాలి. దానికోసం పడవతో వచ్చిన సామాను తుప్పుపట్టి విరిగిపోయింది.

"నీళ్ల మీదుండంగానే లాగేట్టుండాల, వదిలేట్టుండాల. చేస్తావా అప్పా?" అన్నాడు భాయ్.

"లారీ మీద పది టన్నుల బెల్లం కదలకుండా కట్టే ముడి నా చేతిలో ఉండాది. నీ చేతిగుడ్డకు తాడు కట్టలేనా?" అన్నాను.

నాటకాలోళ్లు తెర లాగే చిన్న గిలకలు రెండు సంపాదించినాను. అంటే చెప్పకుండా తెచ్చినాను. ఒక గిలకను తెరచాప మూలకు, ఒకదాన్ని బూమ్ కొసకు కట్టినాను. నూలు తాడును బూమ్ కొస దగ్గర ముడేసి, మూల గిలకలోంచి పోనిచ్చి, కొస గిలక మీదుగా తిప్పి, బూమ్ వెంట ముందుకు తెచ్చినాను. ఒక్క చేత్తో లాగితే గుడ్డ నిగడదన్నింది. అంతవరకూ మంచి పనే. ఈ మాటలో అబద్ధం లేదు.

తాడు చివర పట్టి ఉంచడానికి రెండు కొమ్ముల కొయ్య ఒకటి చెక్కమన్నాడు భాయ్. దానికి తాడు చుట్టుకుంటే, విప్పేటప్పుడు ఒక్క గుంజుకు వచ్చేస్తుంది. దాన్ని చెక్కాలంటే సగం దినం పట్టేది. నాకు బద్ధకం. ఒక ఇనుప రింగు బిగించి, లారీ ముడి వేసి, పైన ఇంకో రెండు బిగింపులు వేసినాను.

భాయ్ ముడిని వేలితో తట్టి చూసినాడు. "అప్పా, ఇది ఊడకూడని సరుకు కాదు. ఊడాల."

"నీకు కుట్టడం తెలుసు, కట్టడం తెలీదు. మూసుకొని ఎక్కు."

ఆ పొద్దున చిత్తూరులో బయలుదేరేటప్పుడే ఆయన భార్య వాకిట్లోకి వచ్చి, "అన్నా, ఆయన చెయ్యే మాకు అన్నం. చూసుకో" అని నాకు చెప్పింది. ఆమెకు ఆ పడవంటే పడదు. నా ప్రాణం అడ్డమేస్తానన్నాను. అడగకుండానే అన్నాను.

సరస్సు మీద పోయేటప్పుడంతా బాగానే పోయినాము. తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తగిలింది. తాడు వదలాల్సి వచ్చింది. నూలు తాడు తడిసి ఉబ్బిపోయి, ముడి రాయైపోయింది. చుక్కాని నా చేతికిచ్చి, "దీన్ని మాత్రం కదిలించొద్దు" అని చెప్పి, భాయ్ లేచి నిలబడి రెండు చేతులతో ముడి విప్పబోయినాడు. అదే సమయానికి పక్కన వల వేసుకుంటున్న ఇద్దరు కనబడినారు. నా గిలకల పని వాళ్లకు చూపించాలని చెయ్యెత్తి కేకేసినాను. చుక్కాని జారింది. గాలి తెరచాప అవతలి పక్కన తగిలి, బూమ్ గిర్రున తిరిగింది. భాయ్ కుడి చెయ్యి బూముకూ, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగకూ మధ్యన పడింది.

ఎండు చింతబరికె విరిచిన శబ్దం వచ్చింది. నేను విన్నాను.

"ఇరిగిందా?" అన్నాడు, ముఖమంతా చెమటతో.

"లేదు భాయ్. బెణికింది."

ఇక్కడి నుంచి నేను ఊళ్లో చెప్పే కథ వేరే. తుపాను గాలి, తాటిచెట్టెత్తు అలలు, భాయ్‌ని నా తలగుడ్డతో స్తంభానికి కట్టి ఒడ్డుకు తెచ్చిన నేను. నిజానికి ఆడ నీళ్లు మోకాలు దాటవు. దిగి, బురదలో పడవను ఈడ్చుకుంటా వచ్చినాను.

ఇంటికి పోయినాక ఆయన భార్యకూ బెణికిందనే చెప్పినాను. ప్రాణం అడ్డమేస్తానన్నోడికి ఇంకో మాట యాడనుంచి వస్తుంది? ఆమె నువ్వులనూనె కాచి రెండు దినాలు రుద్దింది. ఆయన పండ్లు బిగించి ఓర్చుకున్నాడు. మూడో దినానికి చెయ్యి వంకాయ రంగుకొచ్చింది. అప్పుడు ముగ్గురమూ పుత్తూరుకు పోయినాము.

కట్టు కట్టే పెద్దాయన చెయ్యి పట్టుకోగానే తలెత్తినాడు. "ఇరిగిన ఎముకను రుద్దినారే. ఎవురు?"

"నేనే" అని ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

తిరుగు బస్సులో, ఆమె ముందు సీట్లో నిద్రపోతుంటే, శబ్దం విన్న సంగతి భాయ్‌తో చెప్పేసినాను. ఆయన కిటికీలోంచి చూస్తా ఉండిపోయినాడు. పూతలపట్టు దాటింది, చిత్తూరు వచ్చింది, దిగినాము.

కట్లు విప్పినాక ఎముక అతుక్కుంది గానీ మణికట్టు తిరగలేదు. బరువు పట్టను సూది కిందికి తిప్పి తొయ్యాలంటే మణికట్టు తిరగాలి. మిషను మీద గోనెగుడ్డ కప్పినారు. ఒకనాడు భాయ్ మా షెడ్డుకు వచ్చినాడు.

"నా చెయ్యి పోతే పోయింది. ఆమె దినమూ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటా ఉండాది. నీ తప్పు కాదని నేను చెప్తే, ఓదార్చడానికి చెప్తుండావంటాది. నువ్వు పోయి చెప్పు. ఇరిగిన శబ్దం విన్నానని చెప్పు. అంతే."

పోయినాను. చెప్పాలనే పోయినాను. ఆమె చాప వేసి, తలమీది కొంగు సర్దుకొని కూర్చుంది. నేను నోరు తెరిస్తే తుపాను వచ్చింది. అలలు వచ్చినాయి. "ఆ గాలిలో ఎముక ఇరిగిన శబ్దం యాడ వినబడతాది చెల్లెమ్మా?" అని నా నోరే అనింది.

ఆమె కండ్లు తుడుచుకుంది. "నువ్వు ఆయన ప్రాణం తెచ్చిస్తివి అన్నా. చెయ్యి పోగొట్టింది నేనే" అని లేచిపోయి టీ పెట్టుకొచ్చింది.

తాగినాను. గ్లాసు కింద పెట్టి తల తిప్పితే, భాయ్ తలుపు దగ్గర నిలబడి ఉండాడు. ఎంతసేపటి నుంచో నాకు తెలీదు.

"టీ తాగినావా?" అన్నాడు.

"తాగినా."

"ఇంక పో అప్పా."